దూది గది గడియ

పంపు వీధి, మూడో ఇల్లు
ఫిబ్రవరి 11

తమ్ముడికి,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నీ కాలి పుండు మానిందని రాశావు. కంబళ్లు ఉడకబెట్టే తొట్టి దగ్గర చెప్పుల్లేకుండా నిలబడొద్దని పోయినసారి చూడ్డానికి వచ్చినప్పుడే చెప్పాను. చెబితే వినేవాడివైతే నువ్వెందుకవుతావు.

లాయరు దగ్గరికి వెళ్లి వచ్చాం. సెప్టెంబరులో విడుదల బోర్డు కూర్చుంటుందట. తొమ్మిదేళ్లలో ఆరు గడిచాయి కాబట్టి నీ పేరు పెట్టొచ్చు అన్నాడు. బోర్డు చూసేవి రెండే. ఒకటి, లోపల మనిషి ఉన్నాడని తెలియక నువ్వు నిప్పు పెట్టావని కోర్టు నమ్మింది. బయట గడియ పెట్టి ఉంది కాబట్టి గది ఖాళీ అనుకున్నావని తీర్పులో రాసి ఉంది. రెండోది, చనిపోయినాయన ఇంటివాళ్లు ఏమంటారన్నది. పరుపులాయనకి ఉన్నది భార్య ఒక్కతే. నాకు అభ్యంతరం లేదని ఆమె సంతకం పెడితే శీతాకాలానికి నువ్వు ఇంట్లో ఉంటావు.

పెడతానంది.

నాకెలా తెలుసంటావా. రెండేళ్లుగా నీకొక సంగతి దాచాను. బట్టల కొట్టులో పని చేస్తున్నానని రాశాను కదా, కాదు. ఆమె దగ్గరే పని చేస్తున్నాను. చూపు తగ్గి సూదిలో దారం ఎక్కించలేకపోతోందని ఎవరో అంటే విన్నాను. పెళ్లయిన కొత్తలో ఒక శీతాకాలం వాళ్ల దగ్గర బొంతలు కుట్టినదాన్నే కదా, వెళ్లాను. గుమ్మంలోంచే తరిమేస్తుందనుకున్నాను. తలుపు పట్టుకుని నన్ను చాలాసేపు చూసింది. "కుట్టు మర్చిపోయావా?" అంది. లేదన్నాను. "అయితే లోపలికి రా, ఎండలో ఎందుకు" అంది. అంతే. ఏడాది దాకా నీ మాట ఎత్తలేదు.

మీ బావ నీకోసం మంచం చేస్తున్నాడు. పంపులు బాగుచేసే చెయ్యి కదా, మంచానికి కూడా పంపు బోల్టులే బిగించాడు. నాలుగు కాళ్లలో మూడే నేలకి ఆనుతున్నాయి. నాలుగోది నువ్వొచ్చాక చూస్తాడట.

ఒక్క మాట. అక్కడ ఉత్తరాలు విప్పి చదువుతారని మర్చిపోకు. కోర్టులో నేను చెప్పింది చెప్పాను. అది అక్కడితో అయిపోయింది. దాన్ని కదపకు.

నీ అక్క


జైలు, రెండో బ్యారక్
మార్చి 2

అక్కకి నమస్కారం.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బావ మంచం సంగతి పక్కవాళ్లకి చదివి వినిపిస్తే నవ్వారు. మిగతాది వినిపించలేదు.

ఆమె ఇంట్లో అన్నం కూడా తింటున్నావా? నీకేమైనా పెడితే తినే ముందు చూసుకుంటున్నావా? ఇలా అడగకూడదని తెలుసు. అయినా రాత్రంతా అదే అనుకున్నాను. కావాలనే దగ్గరికి రానిచ్చిందేమో. బోర్డు రోజు దాకా సరే సరే అని, అందరి ముందూ కాదంటుందేమో. అవతలోళ్ల బుద్ధి...

ఆ మాట కొట్టేశాను. కొట్టేసినా కనిపిస్తూనే ఉంటుంది. ఆరేళ్లయినా ముందు అదే వస్తోంది చేతికి. ఏటి అవతలి నుంచి వచ్చినవాళ్లని చిన్నప్పటి నుంచీ మనం పిలిచిన పిలుపు అదే కదా.

నాతో వచ్చిన అయిదుగురూ ఎప్పుడో బయటపడ్డారు. ఎవరైనా కనిపిస్తారా? నిన్ను పలకరిస్తారా?

ఆమె సంతకం ఎందుకు పెడుతోంది? అది రాయి. ఊరికే ఎవరూ పెట్టరు. ఆమె ఏమన్నదో ఆ మాటే రాయి, నీ మాట కలపకు.

తమ్ముడు


పంపు వీధి
ఏప్రిల్ 6

తమ్ముడికి,

ముందు నీ ప్రశ్నలకి జవాబు. అన్నం తింటున్నాను. ఇంకా బతికే ఉన్నాను. ఆ అయిదుగురిలో టైర్ల కొట్టు పెట్టినవాడు కనిపిస్తాడు, నన్ను చూస్తే ఉన్నపళంగా ఏదో టైరు మీద వంగిపోతాడు. మిగతావాళ్ల సంగతి తెలీదు.

సంతకం ఎందుకు పెడుతోందని అడిగావు. నువ్వు నిశ్చింతగా ఉండాలనే రాస్తున్నాను, లేకపోతే రాయను.

ఆ గది సంగతి కోర్టులో అంతా విన్నదే. దూది గదిలో ఇనుము ఉండకూడదు. ఇనుముకి ఇనుము తగిలి రవ్వ లేస్తే అంతా అంటుకుంటుందని వాళ్ల పెద్దల కాలం నుంచీ భయం. లోపల మేకులు కూడా చెక్కవే. కాబట్టి తలుపుకి లోపల గడియ లేదు, బయటే ఉంది. ఏకేటప్పుడు గాలికి తలుపు తెరుచుకుంటే దూది ఎగిరిపోతుంది. అందుకని లోపల ఏకేవాళ్లని పెట్టి బయటివాళ్లు గడియ వేస్తారు. లోపలివాళ్లు తట్టితే తీస్తారు. ఎవరూ లేనప్పుడు దూదికి చెమ్మ పట్టకుండా తలుపు బార్లా తీసి ఉంచుతారు. లోకమంతా ఖాళీ గదికి గడియ పెడుతుంది, వాళ్లు మనిషి ఉన్న గదికి పెడతారు.

ఆ రోజు గడియ వేసింది ఆమే. వేసి, రెండు వీధుల అవతల ఎవరికో బొంత ఇచ్చి రావడానికి వెళ్లింది. వచ్చేసరికి పొగ.

పిన్ని ఏమన్నదో ఆ మాటే రాస్తున్నాను: "ఆ కుర్రాడిది తప్పే. ఎవరిదో పసిబిడ్డ జ్వరంతో పోతే మా దూదిలో జబ్బుందని పుకారు పుట్టించారు, అది నమ్మి వచ్చారు. గది తగలబెడదామనే వచ్చారు. కానీ మనిషిని చంపుదామని రాలేదుగా. గడియ చూసి ఎవరూ లేరనుకున్నాడు. ఎవడైనా అదే అనుకుంటాడు. ఆ గడియ పెట్టింది నేను. చంపింది వాడొక్కడే అని ఏ మొహంతో అంటాను?"

ఇంట్లో ఒక్క తలుపుకీ గడియ లేదు ఇప్పుడు. అన్నీ పీకించేసింది. గుడ్డ పీలికలతో కట్టుకుంటుంది. కుడి చేత్తో అన్నం తినదు, చెంచాతో ఎడమ చేత్తో తింటుంది. మొదట్లో నాకు చెయ్యి నొప్పేమో అనిపించింది.

ఇంతకీ నేను చెప్పేదేమిటంటే, సంతకం ఖాయం. భయపడకు.

నీ అక్క


జైలు
ఏప్రిల్ 27

అక్కా,

ఆరేళ్లుగా ఎడమ చేత్తోనే తింటోందా?

ఇప్పుడు ఆమెని పిన్ని అంటున్నావు. పిన్నీ అని పిలిచి, ఆ ఎడమ చెయ్యి చూస్తూ, రెండేళ్లు పక్కన కూర్చుని కుట్టావు.

ఆ గడియ వల్ల నేను పొరబడ్డానో లేదో నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకెవరికీ తెలీదు. ఇన్నాళ్లూ ఆమె నన్ను తిట్టుకుంటోందనుకున్నాను. తిట్టుకుంటోందనుకుంటే పడుకోగలిగాను. ఇప్పుడు పడుకోలేకపోతున్నాను. తొట్టి దగ్గర కంబళి ఎత్తబోయి వేడినీళ్లు పక్కవాడి మీద ఒంపాను. వాడు మంచివాడు కాబట్టి బూతులతో సరిపెట్టాడు.

సంతకం పెట్టనివ్వకు, కొన్నాళ్లు ఆపు. నేను ఆలోచించుకోవాలి.


పంపు వీధి
మే 5

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. మీ బావ చూడకముందే. ఇది లాయరు చేతికిచ్చి పంపుతున్నాను, అక్కడ ఎవరూ విప్పరు.

అది నువ్వొక్కడివే రాశావా, విప్పి చదివే ఆఫీసరు పక్కన కూర్చుని రాయించాడా? అంత బుద్ధి లేకుండా ఎలా రాశావు? నేను కోర్టులో బోనులో నిలబడి, పని సంగతులు ఇంట్లో మాట్లాడే అలవాటు నాకు లేదని చెప్పాను. ప్రమాణం చేసి చెప్పాను. ఎవరి కోసం? అప్పుడు నువ్వు మా ఇంట్లోనే ఉంటున్నావు. నా కంచంలో పెట్టిన అన్నం తిన్న పిల్లాడివి. ఉరి వెయ్యొచ్చని లాయరు అన్నాడు. ఇంకేం చెయ్యమన్నావు?

ఇప్పుడు నీ మనసు బరువు దించుకుంటావు. దించుకుని ఎవరి నెత్తిన పెడతావు? నా నెత్తిన, ఆమె నెత్తిన. ఎలాగో సర్దుకుని బతుకుతున్న మనిషి. పదకొండు రోజులు ఆయన్ని ఆస్పత్రిలో చూసుకుంది. ఇప్పుడు కాదమ్మా, కావాలనే చంపాను అని చెబుతావా? ఆయన లేచి వస్తాడా? నన్ను గుమ్మం ఎక్కనిస్తుందా? నాకు ఆ ఇల్లు ఒక్కటే కాస్త ఊపిరాడే చోటు, అది నీకు తెలీదు.

చేతి సంగతి నీకు రాయడం నాదే తప్పు. మంచిమాట అనుకుని రాశాను.

జూన్ మొదటివారంలో సంతకం పెట్టిస్తాం. నువ్వు నోరు మూసుకుని ఉండు. నాలుగు నెలలు. అంతే నేనడిగేది.

అక్క


జైలు
జూన్ 19

అక్కకి,

దీంతో పాటు ఇంకో కాగితం ఉంది. అది ఆమెకి. మన రాత ఆమెకి రాదు కాబట్టి నువ్వే చదివి వినిపించాలి. వేరేవాళ్ల చేత చదివించొద్దు. ఎలా తెలిసిందో అందులో రాయలేదు. నీ పేరు లేదు.

ఉత్తరాలు చూసే కళ్లజోడు సారు నన్ను గదికి పిలిచాడు. కాగితం బల్ల మీద పరిచి, దాని మీద చెయ్యి ఆనించి కూర్చున్నాడు.

"ఏరా, బుద్ధుందా? బోర్డుకి మూడు నెలలే ఉంది."

"తెలుసు సార్."

"నేనిది చదవలేదనుకుంటాను. తీసుకెళ్లి చింపేసుకో. ఇలాంటి అవకాశం ఎవరికీ ఇవ్వలేదు ఇరవయ్యేళ్ల సర్వీసులో."

"పంపండి సార్."

"ఎవరైనా నిన్ను కొట్టి రాయించారా?"

లేదన్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుని, రిజిస్టరులో ఎక్కించాడు. నకలు తీసి బోర్డు ఫైలులో పెట్టక తప్పదన్నాడు. పెట్టమన్నాను.  బయటికొచ్చి తొట్టి దగ్గరికి వెళ్లి మిగిలిన కంబళ్లు తీశాను.

నువ్వు తిడతావు. తిట్టు. చదివి మాత్రం వినిపించు.

తమ్ముడు

పరుపులమ్మ గారికి,

నేను మీ దూది గదికి నిప్పు పెట్టినవాణ్ని. మీకు ఒక విషయం తెలియాలి.

గడియ చూసి గది ఖాళీ అనుకున్నానని కోర్టులో చెప్పాను. అది అబద్ధం. మీ గదికి గడియ పెట్టి ఉంటే లోపల మనిషి ఉన్నట్టని నాకు అప్పటికే తెలుసు. నాతో వచ్చిన అయిదుగురికీ తెలీదు. వాళ్లు సందు చివర నిలబడ్డారు. డబ్బా పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లింది నేనే. గడియ చూశాను. ఆగాను. తిరిగి వెళ్లి లోపల మనిషి ఉన్నాడని వాళ్లకి చెప్పి ఉండొచ్చు. గడియ చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంది, తీసి ఉండొచ్చు. లోపలి నుంచి చప్పుడేమీ రాలేదు. అయినా ఉన్నాడని తెలుసు. అవతలోడే కదా అనుకున్నాను. ఆ మాటే అనుకున్నాను. మీ ఆయన మీద నాకు పగ లేదు, ఆయనతో ఎప్పుడూ మాట్లాడలేదు కూడా. మీరు మనుషుల లెక్కలోకి రారనుకున్నాను. పోశాను. మధ్యాహ్నం రెండు గంటలు, ఎండ బాగా ఉంది, తాగి లేను.

కాబట్టి మీ చేతి తప్పు లేదు. మీరు పెట్టిన గడియ నన్ను మోసం చెయ్యలేదు. నిజం చెప్పింది.

సంతకం వెనక్కి తీసుకోండి. నన్ను క్షమించమని అడగడానికి రాయలేదు.


పంపు వీధి
జూలై 20

తమ్ముడికి,

మే తర్వాత నీ దగ్గర్నుంచి ఒక్క ఉత్తరమూ లేదు, ఎలా ఉన్నావో అని ఒకటే దిగులుగా ఉంది. ఇక్కడ వానలు గట్టిగా పడుతున్నాయి. పోస్టు సంచులు తడిసిపోయి సగం ఉత్తరాలు పోయాయని అంటున్నారు. నువ్వేమైనా రాసి ఉంటే అది కూడా పోయి ఉంటుంది. మళ్లీ రాయనక్కర్లేదు, ఏదైనా ఉంటే వచ్చాక మాట్లాడుకుందాం.

జూన్ 4న పిన్ని సంతకం పెట్టింది. లాయరు తీసుకెళ్లాడు. మీ బావ మంచం నాలుగో కాలు కింద అట్టముక్క పెట్టి, ఇప్పుడు చూడు అన్నాడు. కూర్చుంటే నన్ను పడేసింది. చొక్కాలు రెండు కుట్టి ఉంచాను. భుజాలు వెడల్పయ్యావేమో, కొలత రాయి.

పని ఎక్కువగా ఉంది. వానలకి చెమ్మ పట్టిన పరుపులు అందరూ విప్పించి ఏకించుకుంటారు కదా. పిన్నికి దగ్గు. ఇంకేం విశేషాలు లేవు.

అక్క


జైలు
ఆగస్టు 8

అక్కా,

సంచి తడవలేదు. కళ్లజోడు సారు ఆ ఉత్తరం రిజిస్టరు పోస్టులో పంపాడు. నువ్వు సంతకం పెట్టి తీసుకున్న చీటీ ఇక్కడికి తిరిగి వచ్చింది. జూన్ 26. చూపించాడు. నీ సంతకం నాకు తెలీదా, చివర్లో గీత కిందికి లాగుతావు.

నిన్ను తప్పుపట్టడం లేదు. నేనైతే ఆ చీటీ మీద కూడా అబద్ధం సంతకం పెట్టేవాణ్నేమో.

బోర్డు సెప్టెంబరు 18న. ఫైలులో నకలు ఉంది, వాళ్లు అడుగుతారు, నేను చెబుతాను. ఆ తర్వాత ఎవడో పోలీసు వెళ్లి ఆమె తలుపు బాది, ఇదీ సంగతి అని వీధిలో నిలబడి చెబుతాడు. ఆమెకి వాడి మాట సగం అర్థం కాదు. నీ నోట వినడం మంచిదా, వాడి నోటా?

నీ చేతుల్లో నలభై రోజులున్నాయి. నాకిక్కడ ఏ పనీ తోచడం లేదు. కొలత అడిగావు. భుజాలు అలాగే ఉన్నాయి. చొక్కాలు బావకి ఇచ్చెయ్యి.


పంపు వీధి
సెప్టెంబరు 6

తమ్ముడికి,

చదివాను. నిన్న.

రెండు నెలలకి పైగా ఆ కాగితం రవికలో పెట్టుకుని తిరిగాను. చెమటకి మడతల దగ్గర సిరా పాకింది, అయినా అంతా కనిపిస్తూనే ఉంది. రోజూ ఇవాళ చెబుదామనుకుని వెళ్లడం, కుట్టి రావడం. నిన్న పాత పరుపొకటి విప్పుతున్నాం. తనే అంది, "ఏంటి, పదిరోజులుగా కుట్టు వంకరపోతోంది. ఇంట్లో గొడవా?"

"తమ్ముడు మీకు ఉత్తరం రాశాడు పిన్నీ" అన్నాను.

"నాకా? చదువు."

చదివాను. కత్తెర పట్టుకునే ఉంది. అయిపోయాక "మళ్లీ" అంది. మళ్లీ చదివాను. రెండోసారి 'అవతలోడే కదా' అన్నది దాటెయ్యబోయాను. "చదువు, నాకు కొత్త మాటా ఏంటి" అంది.

"అయితే ఖాళీ అనుకోలేదా?"

"లేదు పిన్నీ."

"గడియ చూసే పోశాడా?"

"చూసే."

కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. ఏడవలేదు. ఏడుస్తుందనుకుని నేను దగ్గరికి జరిగాను.

"వాడికెలా తెలిసింది? మా ఇంట్లో పని చెయ్యలేదే ఎప్పుడూ."

నువ్వు రాయలేదు. నేను తెలీదు అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది ఆ మాట. కానీ ఆమె నా మొహంలోకి చూస్తోంది.

"నేను చెప్పాను. అన్నం తింటున్నప్పుడు. వీళ్లు చూడండి, మనిషిని లోపలేసి గడియ పెడతారు, ఖాళీ గది తెరిచిపెడతారు అని చెబితే ఇద్దరం నవ్వుకున్నాం."

"కోర్టులో?"

"చెప్పలేదన్నాను."

"పుకారు పుట్టినప్పుడు? మా దూది ఎక్కడ కొంటామో నీకు తెలుసుగా. శుభ్రమైన దూదని ఎవరితోనైనా అన్నావా?"

"లేదు."

ఇది నీకు కూడా నేనెప్పుడూ చెప్పలేదు. అంటే నన్నూ వాళ్లలో కలిపేస్తారని ఊరుకున్నాను.

కత్తెర కింద పెట్టింది. తర్వాత "సూది గుచ్చిపెట్టి వెళ్లు" అంది. పని వదిలేటప్పుడు సూది దిండుకి గుచ్చి వెళ్లాలి, లేకపోతే దూదిలో పడిపోతుంది. గుచ్చి వచ్చేశాను. ఇవాళ వెళ్లలేదు. రేపు వెళ్లడానికి పని లేదు.

మీ బావకి చెప్పాను. మంచం మీద కూర్చుని, "ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు" అని ఒక్కటే అన్నాడు. లాయరు నన్ను కూడా కోర్టుకి పిలవొచ్చన్నాడు. పిలవనీ.

పొద్దున్నే ఆమె ఒక్కతే బస్సెక్కి వెళ్లిందని పక్కింటివాళ్లు చెప్పారు. ఆ కాగితం వెనక్కి తీసుకోవడానికే అయ్యుంటుంది.

నువ్వనుకున్నది అయింది. ఇప్పుడెలా ఉంది నీకు? నిజంగానే అడుగుతున్నాను.

అక్క


పంపు వీధి
అక్టోబరు 3

తమ్ముడికి,

బోర్డు నిన్ను వదల్లేదని లాయరు చెప్పాడు. ఇంకా మూడేళ్లు. ఏడ్చేదాన్నే, కానీ చెబుతున్నప్పుడే పిన్ని మా గుమ్మంలో నిలబడింది. ఈ ఇంటికి రావడం ఇదే మొదటిసారి. మీ బావ కంగారుపడి, కూర్చోమని ఆ మంచమే చూపించాడు. అది పక్కకి ఒరిగింది. "దీన్ని చేసింది ఎవరు?" అంది. బావ పెరట్లోకి వెళ్లిపోయాడు. నన్ను కాగితం తెచ్చుకోమంది. ఇక్కణ్నుంచి ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

*

నువ్వు రాసింది విన్నాను. సంతకం పెట్టిన కాగితం వెనక్కి తెచ్చుకున్నాను. అది తెలియక చేసినవాడికి పెట్టిన సంతకం. అలాంటివాడు లేడని నువ్వే చెప్పావు.

నిజం చెప్పావని నిన్ను మెచ్చుకోను. ఆరేళ్లు ఊరుకున్నావు. ఆ ఆరేళ్లూ నేను ఎలా ఉన్నానో నీకు చెప్పను, అది నీకెందుకు. నా చెయ్యి నాకు తిరిగి వచ్చింది. దానికి థాంక్స్ చెప్పాలో, ఇన్నాళ్లు దాచుకున్నందుకు తిట్టాలో తెలియడం లేదు. ఇంకా అన్నానికి కూర్చుంటే ఎడమ చెయ్యే చెంచా కోసం వెళుతోంది. అలవాటు కావాలి.

క్షమించానని రాయను. క్షమించనని కూడా రాయను. ఇంతకుముందు ఒకసారి తొందరపడ్డాను.

మీ అక్కని రేపటి నుంచి మళ్లీ రమ్మన్నాను. కుట్టు కోసం. నాకు సూది కనిపించదు, ఈ వీధిలో అంత బాగా కుట్టేవాళ్లు లేరు. నాతో మాట్లాడొద్దని చెప్పాను. మాట్లాడాలనిపిస్తే నేనే పిలుస్తాను. (ఇది రాయనన్నాను. రాయమంది. అక్క.)

ఒకటి అడగడానికి వచ్చాను. ఆ రోజు మధ్యాహ్నం ఆయనా నేనూ పోట్లాడుకున్నాం. పెద్దదేం కాదు. ఆ బొంత మంచి దూదితో నింపమన్నాను, ఆయన పాత దూది కలిపాడు. గిరాకీ ముందు నా పరువు తీశావన్నాను. గది దాకా మాటా మాటా పెరిగింది. ఆయన లోపలికి వెళ్లి కూర్చున్నాడు. నేను కోపంతో గడియ గట్టిగా లాగి వేశాను. వీధి మలుపు తిరిగేదాకా చెవి అటే పెట్టి నడిచాను. దూది ఏకే విల్లు పట్టిన చప్పుడు రాలేదు. అలిగాడనుకున్నాను. పదకొండు రోజులూ ఆయనకి మాట రాలేదు. ఆ చివరి గంట అలిగి మూల కూర్చునే గడిపాడా, లేచి పని చేసుకున్నాడా, నాకు తెలీదు. తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

చప్పుడేమీ రాలేదని నువ్వు రాశావు. ఆ ఒక్క ముక్క నాకు సరిగా కుదరలేదు. ఇప్పుడు మీ అక్క చేత మూడోసారి చదివించుకున్నాను. అంత దగ్గర నిలబడ్డావు. నిజంగా ఏమీ వినపడలేదా?


జైలు
అక్టోబరు 21

పరుపులమ్మ గారికి,

అక్కా, ఇది కూడా నువ్వే చదువు. మధ్యలో ఆపకు.

ఇది ఉత్తరమంతా రాశాక పైన చేర్చిన మాట. ఇక్కడ ఉత్తరాలు చూసే కళ్లజోడు సారు దీన్ని చదివి నన్ను మళ్లీ పిలిచాడు. గడియ అర్థం తెలుసనడం ఒక ఎత్తు, ఇది రాస్తే ఇంకో ఎత్తు, కేసు మళ్లీ మొదటి నుంచి తెరుస్తారు, మూడేళ్ల మాట మర్చిపో అన్నాడు. ఆలోచించుకోమని రెండురోజులు తన సొరుగులో ఉంచాడు. ఈ రోజు పంపమన్నాను.

వినపడింది.

సందులోకి తిరిగినప్పటి నుంచే వినపడింది. విల్లు ఆడుతోంది. ఆగి ఆగి కాదు, ఒకే ఊపుగా ఆడుతోంది. మీరు వెళ్లాక చాలాసేపటి నుంచి చేస్తున్నట్టే ఉంది. తలుపు సందుల్లోంచి దూది పీచు బయటికి వస్తోంది. మధ్యలో పాడుకుంటున్నాడు, మీ యాసలో. ఏదో పాట మొదటి ముక్కే పాడి, తర్వాతది రాక, మళ్లీ అక్కడికే వస్తున్నాడు. గొంతు బాగాలేదు.

నేను తలుపు దగ్గరికి వచ్చేసరికి నా చెప్పుల చప్పుడు విన్నట్టున్నాడు. విల్లు ఆపాడు.

"వచ్చావా?" అన్నాడు.

మీరనుకున్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపంగా ఉన్న మనిషి అలా అడగడు. నాకు బాగా గుర్తుంది, ఈ ఆరేళ్లలో రోజూ విన్నాను.

నేను పలకలేదు.